గ్లాసుల లెక్క

కువైట్, జహ్రాల కరెంటు బిల్లుల సర్కారీ దఫ్తరు.
మూడు మంజిళ్లు, రెండు మెట్లదారులు,
గోడలకు పచ్చటి బాణాలు.
ఎనకదారి బాణం చూపెట్టిన కాడ
జిరాక్సు కాయితాల డబ్బాలు.

బుధవారం పొద్దుగాల పదిన్నరకు సైరన్ మొత్తుకున్నది.
ఉత్తుత్తిదేనని నిన్ననే అందరికి మెయిల్ వచ్చిందట.
మెయిల్ చాయ్ అర్రకు రాదు.

పొయ్యి బంజేసిన.
పాలు గిన్నె అంచుదాక వచ్చి, నన్ను జూసి, ఆగినయి.
కింద దిల్‌బహదూర్ ఒర్రుతున్నడు,
"భాయ్, నీచే, నీచే!"

ఫైళ్ల అర్రల ఒక ముసలాయన,
పాత మీటరు పంచాయితికి వచ్చినోడు,
చేతికట్టె దేవులాడుతున్నడు.
చెవులు వినవడవు.
సైరన్ ఆయనకు నా మొఖంల కనవడ్డది.

ఎనకదారి తాళంచెయ్యి నా మొలతాడుకే ఉంటది.
డబ్బాలు నిన్న రాత్రి నేనే జరిపిన,
తుడుపుకట్టె తిరుగుతలేదని.
అంతే, వేరే తెలివేం లేదు.
ఒక్కో మెట్టు, ఒక్కో మెట్టు,
ఆయన బరువు సగం నా భుజం మీద,
సగం అల్లా మీద.

బయట నలభై ఆరు డిగ్రీల ఎండ.
పచ్చ జాకెట్టు తొడిగిన బదర్ సార్
అట్టమీది కాయితానికి టిక్కులు కొడుతున్నడు.
అరవై నాలుగు పేర్లు, అరవై నాలుగు టిక్కులు,
నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు.
మాషా అల్లా అనుకుంట పెన్ను మూసిండు.

అప్పుడు తేలినం మేమిద్దరం.

మమ్మల్ని జూసిండు. కాయితం జూసిండు.
మల్ల మమ్మల్ని జూసిండు.
"లోపల ఇంకెంతమంది?"
ఈసారి గొంతు ఉత్తుత్తిది కాదు.

నాకు అరబీ సదువ రాదు, లెక్క వస్తది.
పొద్దటిసంది పోసిన గ్లాసులు వేళ్లమీద తీసిన.
సార్లు, మేడములు అరవై నాలుగు.
గేటుకాడ ఇద్దరు.
ప్రింటరు మరమ్మత్తు పిల్లగాడు, చక్కెర లేకుంట.
బాత్రూములు కడిగే శ్రీలంక అక్క, సగం గ్లాసు.
ఈ ముసలాయనకు సులేమాని.
"అరవై తొమ్మిది, సార్."

బదర్ సార్ వేలు ఊపుకుంట తలలు లెక్కవెట్టిండు.
డెబ్బై.
మల్ల మొదటికెల్లి పెట్టిండు. డెబ్బై.

ఎవరో ఎక్కువున్నరు అన్నడు.
నేను గూడ దేవులాడిన,
గుంపుల, కార్ల సందుల, ఫైరుబండి నీడల,
అందరి గ్లాసులు కడిగినంక
అడుగున మిగిలింది స్టీలు చెంబుల ఒంపుకొని
నిలవడి తాగేటోడు
యాదికొచ్చేదాక.