కౌంటు

బరువెంతో చూద్దామని
ముందు రొయ్యల కాటా మీదే పెట్టాను.
నాలుగు వందల ఇరవై గ్రాములు.
ముప్పై కౌంటు రొయ్యలైతే పదమూడుకి కాస్త తక్కువ.
"ఇంతేనా అక్కా?" అన్నాడు ఐసు కొట్టే ఏసుపాదం.
ఆయ్, ఇంతే.
లైసెన్సు కాగితాల కట్టే దీనికన్నా బరువు.

పోయినేడు లాకు దగ్గర
మా గుమస్తా పల్లంరాజు గారి చేతిసంచీ లాక్కున్నారు.
ఎడమ చెవి వెనక ఆరు కుట్లు.
ఆ రోజు నుంచి పట్టుబడి డబ్బు నేనే తీసుకెళ్తున్నాను.

కరీముల్లా గారు ఆర్ముడు రిజర్వులో
ముప్పై ఒక్కేళ్ళు తుపాకులు విప్పి, తుడిచి, బిగించిన మనిషి.
ఇప్పుడు భీమవరంలో కుట్టుమిషన్లు బాగుచేస్తారు.
నా కొత్త పిస్తోలు అందుకుని, ఖాళీయో కాదో రెండుసార్లు చూసి,
ముక్కు దగ్గర పెట్టుకున్నారు.
"కొట్టు వాసన పోలేదమ్మా. ఇది ఇంకా నీది కాలేదు.
వారం రోజులు మొయ్యి. తుడవకు.
ఎలా మోస్తే అలాగే పట్రా."

మోశాను.
చుడీదారుకి లోపలివైపు దానికంటూ వేరే జేబు కుట్టించి.
తెల్లారగట్ట మూడింటికి చెరువుగట్టు మీద,
ఏరేటర్ల హోరులో, వల లాగేవాళ్ళ కేకల్లో,
మేత పొడి, ఉప్పుగాలి, నా చెమట,
అన్నీ దాని మీద కూడా పడ్డాయి.
కూర్చుంటే గుచ్చుకునేది మొదటి రెండు రోజులే.
మూడో రోజుకి మర్చిపోయాను.
మర్చిపోయానని గుర్తొచ్చి భయపడ్డాను.

రైఫిలు క్లబ్బులో, మట్టికట్ట ముందు,
చెవులకి డొప్పలు పెట్టుకుని మొదలుపెట్టాం.
ఏడాదికి ఇన్ని గుళ్ళని కాగితం మీదే రాసి ఉంటుంది.
నమ్మకాన్ని కూడా కోటా మీదే కొనాలి.
పది. ఇరవై.
ఇరవై మూడోది పేలింది గానీ ఖాళీ గొట్టం బయటికి ఊడిపడలేదు,
సగంలో ఇరుక్కుని
బియ్యం మిల్లు పొగగొట్టంలా నిటారుగా నిలబడింది.

జేబు నూగు వల్ల అనుకున్నాను. గుండు నాసిరకం అనుకున్నాను.
అమ్మినవాడిని మనసులో తిట్టాను కూడా.
కరీముల్లా గారు నా మణికట్టు పట్టుకుని చూశారు,
నాడి చూసే వైద్యుడిలాగా.
"బరువైనది తన్నుకుంటే తన బరువే తనని ఆపుతుంది.
తేలికదానికి అది లేదు. నీ చేతిని అప్పడుగుతుంది.
నువ్వు ఇవ్వలేదు."

బిగించి పట్టుకున్నాను. మళ్ళీ యాభై. బాగానే.
ఎడమచేత్తో పది. బాగానే.
తర్వాతి వారం, నూగుతోనే, చెమటతోనే,
ఇంకో అరవై ఏడు.
బొటనవేలి మొదట చర్మం లేచిపోయింది.
మొత్తం నూట యాభై.

ఇంటికొచ్చి పట్టుబడి పుస్తకంలోనే రాశాను,
వేరే పుస్తకం ఎందుకని:
నూట యాభై. మెత్తది ఒకటి.

మెత్త రొయ్య సంగతి నాకు తెలుసు.
వేళ్ళతో నొక్కితే పెంకు లోపలికి పోతుంది.
నూటికి రెండు వస్తే మాట్లాడను.
అయిదొస్తే రేటు కోస్తాను, రైతు గొణుగుతాడు,
టీ తాగి సర్దుకుంటాం.
నూట యాభైకి ఒకటంటే
ఎక్స్‌పోర్టు సరుకు, కళ్ళు మూసుకుని ఎత్తేస్తాను.
దీనికి రేటు ఎక్కడ కోయను?
ఎవరితో టీ తాగి సర్దుకోను?

మొన్న రాత్రి, పదకొండు లక్షలు సీటు కింద పెట్టుకుని వస్తుంటే,
కాలవ మలుపులో బండొకటి వెనకే లైటు కొడుతూ వచ్చింది.
కారు నెమ్మది చేశాను.
చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళి, మణికట్టు బిగుసుకుంది.
"మేడంగారండీ, కాలుక్యులేటరు మర్చిపోయారండీ!"
చెరువు కాపలా కుర్రాడు,
చలికి తువ్వాలు తలకి చుట్టుకుని.

థాంక్సు చెప్పడానికి నోరు ముందు రాలేదు.
కాలుక్యులేటరు ఎడమచేత్తో అందుకున్నాను.
వాడు ఏమనుకున్నాడో.

ఇల్లు చేరి, తలుపేసి, గుళ్ళన్నీ తీసి
కాటా పళ్ళెంలో పోశాను.
ఇత్తడి మీద అక్కడక్కడా పచ్చగా, నా చెమట మరక.
ఒక్కోటీ పట్టుకుని నొక్కి చూశాను,
పెంకు నొక్కినట్టు.
అన్నీ గట్టిగానే ఉన్నాయి.