అచ్చుతప్పు

న్యూ లండన్ రేవులో, చేపల గిడ్డంగి మీది గదిలో
ఎలిఫలెట్ హడ్సెల్ గారి అచ్చుకూటం.
నాకప్పుడు పదమూడేళ్ళు. నా పని
తోలు బంతులకు సిరా పట్టించడం,
రాత్రికి వాటిని ఉచ్చలో నానబెట్టడం.
స్వేచ్ఛ ఏ వాసన వేస్తుందని ఎవరైనా అడిగితే
నేను చెప్పగలను.

అక్షరాలు పేర్చేవాడు క్వాకో.
బుధవారం పుట్టినవాడికి వాళ్ళమ్మ దేశంలో పెట్టే పేరట.
హడ్సెల్ గారు కొన్నవాడు. చదువు ఎవరూ చెప్పలేదు,
సీసాన్ని చూసి నేర్చుకున్నాడు,
అంటే, తిరగేసి.
కాగితం మీద మామూలు వరస ఇస్తే
అద్దం వెతుక్కుంటున్నట్టు తల వంచేవాడు.
వచ్చినవాళ్ళకి అది చూపించి నవ్వించేవారు అయ్యగారు.

ఆ చలికాలం ఊరంతా కరపత్రాలే.
రాజు పన్ను అడిగాడు, కనక మేం బానిసలం, అని ఒకటి.
మా మెడలు చూడండి, కాడి కాసిన కాయలు చూడండి, అని ఒకటి.
రాసింది ఎవరో తెలీదు,
కింద సంతకం ఎప్పుడో చచ్చిన రోమన్‌ది.
కాగితానికి గుడ్డపేలికలు కరువైతే
పాస్టరు గారి భార్య రెండు లోపావడాలు పంపింది, దేశం కోసం.

ఒక్క పేజీలో లిబర్టీ ఎన్నిసార్లు వచ్చిందంటే
ఎల్ గడి ఖాళీ అయింది.
క్వాకో వేలితో గడి అడుగు గీకి,
"అయ్యా, స్వేచ్ఛ అయిపోయింది" అన్నాడు.
హడ్సెల్ గారు పొట్ట పట్టుకుని నవ్వారు.
క్వాకో నవ్వాడో లేదో గుర్తులేదు.
నేనైతే నవ్వాను.

ప్రతులు తీశాక, బూడిదనీళ్ళతో కడిగి
ఏ అక్షరాన్ని ఆ గడిలో పడేస్తాం.
సీసానికి జ్ఞాపకం ఉండదు.

శుక్రవారం పత్రికకి, నాలుగో పేజీకి, ఒక ప్రకటన:
పారిపోయింది. లెటిస్ అనే నల్లజాతి ఆడమనిషి, ఇరవై రెండేళ్ళు,
ఎడమ చెంప మీద కాలిన మచ్చ, నీలం గౌను,
చంకలో పిల్ల ఉండవచ్చు.
పట్టిచ్చినవారికి నాలుగు డాలర్లు, ఖర్చులు అదనం.
పేరు మొదట్లో ఉన్న ఎల్‌ని నేను గుర్తుపట్టాను,
పాదం కాస్త చితికినది.
మొన్నటిదాకా అది లిబర్టీకి తల.

అయ్యగారు ఆ రాత్రి సభకి వెళ్ళారు,
హక్కుల మీద తీర్మానం ఏదో ఉంది.
ప్రూఫు నన్నే చూడమన్నారు.
కొవ్వొత్తి దగ్గరికి లాక్కుని చదివాను.
కుడి చెంప, అని ఉంది.
గౌను పచ్చది.
చేతిరాత ప్రతి తీసి చూశాను: ఎడమ. నీలం.

క్వాకో చేతులు తుడుచుకుంటున్నాడు, చాలాసేపటినుంచి.
"తిరగేసి చదివేవాణ్ణి బాబూ," అన్నాడు,
"ఎడమేదో కుడేదో నాకెప్పుడూ తికమకే."
నీలం పచ్చ ఎలా అయిందని
నేనడగలేదు.

ధైర్యం అనుకోకండి. నిద్ర ముంచుకొస్తోంది,
ఇంకా తడికాగితాలు తీగల మీద ఆరెయ్యాలి.
సరిగానే ఉందని మూల మీద గీత పెట్టాను.

ఆ కరపత్రాలిప్పుడు తోలు అట్టల్లో
జడ్జీల అలమరాల్లో ఉన్నాయి.
ఆ శుక్రవారం పత్రిక మాత్రం ఒక్కటీ మిగల్లేదు,
కింద గిడ్డంగిలో చేపలు చుట్టారు.
మరుసటి వారం ఆ ప్రకటన మళ్ళీ రాలేదు.
దొరికిందో, డబ్బు దండగని వదిలేశారో.

అక్షరాలు గడుల్లో వేసేటప్పుడు
ఒక ఎల్ తక్కువొచ్చింది.
హడ్సెల్ గారు నా చెవి మెలేశారు.