ఎడమకి పోయే రేకు

మూడ్రోజులుగా రేకు ఎడమకి పోతోంది.
చుట్టలోంచి బుద్ధిగానే బయల్దేరుతుంది,
మొదటి జత రోలర్లని తిన్నగానే దాటుతుంది,
నాలుగో జత దగ్గర మనసు మార్చుకుంటుంది.
ఆరో జతకొచ్చేసరికి
ఎడమ అంచు గైడుని ఒరుసుకుంటూ
నిద్రలో పళ్ళు కొరికే చప్పుడు.
పదో జత దగ్గర
నూనెలో పడ్డ అప్పడంలా
అంచంతా అలలు.

రాయనపాడు షెడ్డులో ఎర్ర బటన్ నాది.
నొక్కేది నేను,
"మళ్ళీ ఆపావా కెజియా" అని
అనిపించుకునేదీ నేను.

మేనేజరు వరప్రసాదు చుట్టని తిట్టాడు.
సరుకే వంకరన్నాడు, అరటికాయ వంపన్నాడు.
సరే అని పది మీటర్లు నేలమీద పరిచాం,
అంచు పొడవునా దారం పట్టి లాగాం.
దారమూ రేకూ ఒకే మాట మీద ఉన్నాయి.
వరప్రసాదు టీ తాగడానికి వెళ్ళాడు.

నాగుల్ మీరా గైడు బిగించాడు,
బిగించినకొద్దీ అరిచింది.
వదులు చేశాడు,
చేసినకొద్దీ పక్కకి నడిచింది.
కుడి స్ప్రింగుకి అర చుట్టు, ఎడమ స్ప్రింగుకి పావు చుట్టు,
రోలర్ల సందులో గేజి ఆకు దూర్చి
చెవితో వినాల్సింది వేలికొసతో వింటూ
రాత్రి పదింటిదాకా.
డీకాయిలర్ బ్రేకు గుడ్డలు మార్చాం,
రోలర్ల మీది జిడ్డు తుడిచాం,
దిష్టికి నిమ్మకాయ కట్టాం.
దాన్ని మర్నాడు రోలరే నమిలేసింది.

ఆర్డరేమో సింగ్‌నగర్‌ది,
నూటఇరవై రేకులు.
మళ్ళీ నీళ్ళొస్తే ఎక్కి కూర్చోడానికి
డాబాల మీద కప్పులు వేసుకుంటున్నారు.

నాలుగోరోజు ఆటోనగర్ నుంచి
మోపెడ్ మీద నాంచారయ్య వచ్చాడు.
పనిముట్ల పెట్టె దించనేలేదు.
మెషిన్ చుట్టూ ఒక్కసారి తిరిగి
"బుడమేరు ఎందాకా వచ్చింది మీకు?" అన్నాడు.
మేం మొహాలు చూసుకున్నాం.
గోడమీది మట్టిగీత చూపించాను:
మోటారు పైన, స్విచ్చిబోర్డు కింద.
"ఎన్నాళ్ళుంది?"
"తొమ్మిది రోజులు."

గొట్టం తెప్పించాడు,
మేస్త్రీలు వాడే తెల్లగొట్టం.
నీళ్ళు పోసి బట్టల నీలం ఒక చుక్క వేశాడు.
ఒక కొస మెషిన్ బెడ్డు దగ్గర నాకిచ్చి
రెండో కొస పట్టుకుని డీకాయిలర్ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.
నీలిగీత కాసేపు ఊగింది,
ఊపిరి బిగబట్టి చూస్తున్నాం,
ఆగింది.

ఎడమ కాలు నాలుగు ఎమ్మెమ్ దిగింది.
బోల్టులన్నీ బిగుతుగానే ఉన్నాయి,
వాటితోసహా నేలే దిగింది.
ఎవరికీ చెప్పకుండా.

"నీరు పల్లమెరుగు" అన్నాడు.
రెండో సగం అనలేదు.
మోటారు కాల్చి, రికార్డులు నానబెట్టి,
మా గ్యాసుబండని మూడు వీధుల అవతల వదిలేసిన నీళ్ళు
ఇవాళ వేలెడంత గొట్టంలో నిలబడి
సాక్ష్యం చెప్తున్నాయి.

మూలనున్న తుక్కులోంచి,
ఎడమకి పోయి పాడైన రేకులోంచే
ఎనిమిది ముక్కలు కత్తిరించాడు.
అర ఎమ్మెమ్‌వి ఎనిమిది.
జాకీ ఎత్తి, కాలికింద పేర్చి, దించాడు.
"నడుపమ్మా."

పచ్చ బటన్ నొక్కాను.
నాలుగో జత. ఆరు. పది.
చప్పుడు లేదు,
అంటే ఉండాల్సిన చప్పుడే ఉంది.
నాగుల్ మీరా గైడుమీద వేలు పెట్టి
తీయడం మర్చిపోయాడు.

"నేల ఇంకా దిగుద్ది,
నెలకోసారి చూసుకోండి" అన్నాడు నాంచారయ్య,
రెండొందలు తక్కువిచ్చినా లెక్కపెట్టుకోకుండా జేబులో వేసుకుని.

మా ఇంటి వెనక తలుపు
అప్పట్నుంచీ పడటం లేదు.
వడ్రంగిచేత రెండుసార్లు చిత్రిక పట్టించాను,
గొళ్ళెం మార్చాను,
వంకర తలుపని రోజూ తిట్టాను పాపం.

"ఈ గొట్టం రేపిస్తా బాబాయ్" అన్నాను.
ఎందుకని అడగలేదు.
నీళ్ళు ఒంపేసి, చుట్ట చుట్టి
నా చేతిలో పెట్టాడు.