పొగమంచు తెలిసిన కార్డు

ఒస్ట్రావాలో నాలుగో అంతస్తు. లిఫ్టుకి తాళం.
స్క్రూడ్రైవర్ల సంచీ చంకన పెట్టుకుని
రొప్పుతూ తలుపు తడితే
క్వెతోస్లావా గారు ముందు నా చేతులకేసి చూసింది,
మొహంకేసి తర్వాత.
గని దీపాల గదిలో ఇరవై ఆరేళ్ళు
కిటికీలోంచి చాచిన చేతుల్నే చూసిన అలవాటు.

కంప్యూటరు ఒక్కటే. వాడేవాళ్ళు ఇద్దరు.
అక్క మనవడు వోయ్తాకి కొత్త ఆటలు:
వాన పడితే రోడ్డు మీద నియాన్ దీపాలు తలకిందులుగా మెరవాలి,
సైనికుడి చొక్కా కుట్లు లెక్కకు రావాలి.
ఆమెకి ఒకే ఒక్క ఆట, తొంభై తొమ్మిదిలో కొన్నది.
లోయలో టపా మోసే మనిషి, చేతిలో లాంతరు,
ఎదురొచ్చినవాళ్ళ చేతిలో ఉత్తరం పెట్టడం. అంతే.

వాడి కార్డు ఇటుకంత. మూడు ఫ్యాన్లు,
పెళ్ళి ఊరేగింపులా రంగు దీపాలు.
ఆమెది అరచేతిలో ఇమిడేది.
బొటనవేలంత ఫ్యాను, తిరిగితే తిరిగినట్టు.

"ఒక ఒరలో రెండు కత్తులా?" అన్నాను.
"కత్తులెందుకు, తోటికోడళ్ళనుకో.
పొయ్యిలు వేరు చెయ్యి, చాలు."

పొయ్యిలు వేరు చేయడానికి మూడు సాయంత్రాలు పట్టింది.
మొదటిరోజు తెర నల్లగా ఉండిపోయింది,
ఎవరి మాట వినాలో తేలక
మదర్‌బోర్డు అత్తగారిలా మౌనం పట్టింది.
రెండోరోజు ఇద్దరూ లేచారు, ఒకరినొకరు గుర్తుపట్టలేదు.
మూడోరోజు పాతదానికి పాత డిస్కు, కొత్తదానికి కొత్తది,
తెరకి రెండు తీగలు.
నీలం మూతిది ఆమెది, నల్లది వాడిది.
మానిటరు అంచున బటన్ నొక్కితే కాపురం మారుతుంది.

"నా కార్డు ఆ ఆటని నిద్రలో ఆడిస్తుంది,
ఈ రేకుముక్క దేనికి?" అన్నాడు వోయ్తా.
"ఆడించు, చూద్దాం."

ఆడించాడు. వేగానికి లోటు లేదు.
పొగమంచు లేదు.
ఆ కాలపు మంచు ఎలా చల్లాలో
కొత్త కార్డుకి ఎవరూ నేర్పలేదు.
లోయంతా ఒక్కసారే బయటపడింది:
కొండలు కత్తిరించిన అట్టముక్కలు,
బాట ఒకచోట తెగిపోయి, ఆవల బూడిదరంగు ఏమీలేనితనం,
ఇంకా ఎదురు రావాల్సినవాళ్ళు
ఎక్కడెక్కడో, ఎవరి చోట వాళ్ళు,
బట్టల కొట్టు బొమ్మల్లా
అప్పటికే నిలబడి ఉన్నారు.

ఆమె తిట్టలేదు. ఆపి, డిస్కు మార్చమంది నన్ను.
బటన్ తనే నొక్కింది.

మంచు.
చాలాసేపు మంచే.
తర్వాత ఒక పసుపు చుక్క,
ఊగుతూ, గరుకుగా, మెట్లుమెట్లుగా పెద్దదవుతూ,
దాని పైన ఒక టోపీ, టోపీ కింద మనిషి.

"ముందు దీపం, తర్వాత మనిషి," అంది.
"షిఫ్టు దిగినవాళ్ళు గని మూతి నుంచి
అలాగే వచ్చేవాళ్ళు. అంత పొగ.
పొగంటే ఇష్టమనుకునేవు, కాదు.
ఉతికిన దుప్పటి ఆరేలోపు నల్లబడేది,
మా ఆయన దగ్గు ఈ గోడలకింకా గుర్తు.
కానీ రావడమంటే అదీ.
వచ్చేదాకా లేకపోవాలి."

ఏ దీపమూ తగలని కొక్కెం గురించి
నేనడగలేదు. ఆమె చెప్పలేదు.

వోయ్తా కాసేపు నిలబడి చూసి
తన వంతు రాగానే తన వానలోకి పోయాడు.
నిజం చెప్పాలంటే ఆ వానా బాగుంది.
ఒక్కో చినుకుకీ వెనక వీధి ఉంది.

కూలి డబ్బుతో పాటు
గసగసాల కొలాచీలు నాలుగు కాగితంలో చుట్టి ఇచ్చింది.
మెట్లు దిగి బయటికొస్తే
కొలిమి గొట్టాలు చల్లారిన ఊరు మీద
కడిగిన అద్దంలాంటి ఆకాశం.
ట్రాం స్టాపు, దాని వెనక గని బురుజు,
ఇంకా వెనక బెస్కిడీ కొండలు, అన్నీ ఒక్కసారే.
స్టాపులో ఎవరో ఉన్నారు,
నేనింకా రెండు వీధుల దూరంలో ఉండగానే
వాళ్ళ చేతిలో సంచీ రంగుతో సహా కనబడుతూ.

నా బొటనవేలు
గాలిలో ఏ అంచు కోసమో తడుముకుంది.