పడితే ఎలా ఉంటాను

లీక్ ఊళ్లో సాయంత్రం ఆరు దాటితే బస్సు లేదు.
అందుకే నలభై మూడేళ్లకి
నూట పాతిక సీసీ బండి,
ముందొకటి వెనకొకటి ఎర్రటి ఎల్ అక్షరం.
అన్నీ అమరాక
బడి లాబ్‌లో గాజు సీసాలు కడుక్కునే నాకు
ఒంటి మీదకి ఏమీ లేదని గుర్తొచ్చింది.

మోరీన్ టనిక్లిఫ్ కొట్టు
ఒకప్పటి పట్టు మిల్లు కింది అంతస్తు.
మరలు పోయాయి,
నేల మీద వాటి కాళ్ల గుంటలు మిగిలాయి.
ఆ గుంటల మధ్య హెల్మెట్ల వరస,
తోలు వాసన,
ఇంజన్ పీకేసిన పాత బండొకటి
కూర్చుని చూసుకోవడానికి.

అలవాటుకొద్దీ
జీన్స్ అంచుని రెండు వేళ్ల మధ్య నలిపాను.
చీరాల చెయ్యి ఇది.
పడుగు ఎన్ని పోగులో, పేక ఎంత బిగువో
కళ్లు మూసుకుని చెబుతుంది.
ఇక్కడ తడబడింది.
పైన మామూలు నీలం గుడ్డే.
తిరగేస్తే లోపల పసుపుపచ్చటి మరో అల్లిక,
కత్తెరకి లొంగని మొండి దారం.
"అది నీకు కాదు, రోడ్డుకి" అంది మోరీన్.

లేబుల్ మీద ఒక ఎ, రెండు ఎ-లు, మూడు ఎ-లు.
మా బళ్లో మార్కుల్లా ఉన్నాయన్నాను.
ఒకటైనా పాసే అంది,
వానలో బక్స్‌టన్ రోడ్డు పరీక్ష పెట్టనంతవరకు.

బుద్ధెరిగాక కొన్న ప్రతి గుడ్డా
కడితే ఎలా ఉంటానో చూసి కొన్నాను.
కుచ్చిళ్లు సర్దుకుని, పక్కకి తిరిగి,
మెడ నొప్పెట్టేదాకా వెనక్కి తిరిగి.
మొదటిసారి
పడితే ఎలా ఉంటానో చూసి కొంటున్నాను.
ఒక్క అక్షరం తేడా.
ఏ అద్దమూ చూపించదు.

తొడుక్కుని నిలబడితే
మోకాలి దిమ్మె జారి పిక్క మీద కూర్చుంది.
సైజు పెద్దదేమో అన్నాను.
"నిలబడి నడుపుతావా ఏంటి బండి?"
ఇంజన్ లేని బండెక్కించింది.
కాళ్లు మడవగానే
దిమ్మె పైకి లేచి సరిగ్గా చిప్ప మీద కుదురుకుంది,
పేరు పెట్టి పిలిచినట్టు.
అంగుళంన్నర పొడుగుంది, మడిచి కుట్టుకుంటానంటే
వద్దంది. కూర్చుంటే పైకి పాకుతుందట,
చీలమండ నీకేం అపకారం చేసింది అంది.
తుంటి దగ్గర కూడా దిమ్మెలే.
రెండు బియ్యం బస్తాల మధ్య ఇరుక్కున్న మనిషిలా ఉన్నాను.
జేబులు మాత్రం నిజం జేబులు.
ఆడవాళ్ల పాంటుకి మణికట్టు దాకా దిగే జేబు!
సగం డబ్బు దానికే ఇవ్వొచ్చు.

గల్లా పక్కన మేకుకి
మోరీన్ పాత పాంటు వేలాడుతోంది.
ఎడమ మోకాలి దగ్గర నీలం అరిగి ఎగిరిపోయింది,
లోపలి పసుపు నూగులేచి నిలబడింది.
అక్టోబరు, డీజిల్ మరక, ఇరవై గజాలు.
"లేచి, బండిని తిట్టుకుంటూ నడిచెళ్లాను."

అంతకు ముందెప్పుడూ పడలేదా అన్నాను.
పడింది. పందొమ్మిదో ఏట.
సంతలో కొన్న ఎనిమిది పౌండ్ల జీన్స్‌లో.
అదేదీ, గోడకి లేదే?
"దాన్ని తగిలించలేను"
అంటూ కుడికాలి పాంటు పైకి మడిచింది.
అక్కడ చర్మం
ఇస్త్రీపెట్టె ఆనిన నైలాను చీరలా
ముడతపడి మెరుస్తోంది.
నా రెండు వేళ్లూ వాటంతటవే దగ్గరికొచ్చి
ఆగిపోయాయి.
ధర ఎంతన్నాను.

నూట ఎనభై తొమ్మిది.
ఉతికే ముందు దిమ్మెలు తియ్యడం మర్చిపోకు.

నెల తిరిగింది. ఇవాళ ఆదివారం.
కొండల మీద మంచు ముసురు,
గొర్రెలు కూడా రోడ్డెక్కలేదు.
బురదంతా వదిలిన పాంటు రేడియేటర్ మీద పడుకుంది.
తుడిచిన దిమ్మెలు రెండూ
వంటింటి కిటికీలో బోర్లా.
పక్కింటి క్లైవ్ అద్దంలోంచి చూసి
అవేంటని సైగ చేశాడు.
నా మోకాళ్లు అన్నాను.
ఇంకా తడారలేదు, ఇవాళ ఎక్కడికీ రావు.