నలభై ఏడు యూరోలు

లివియో గారి కొట్టుకి మూడుసార్లు వెళ్ళాను.
మొదటిసారి అద్దంలోంచే చూశాను.
రెండోసారి లోపలికెళ్ళి ధర అడక్కుండా వచ్చేశాను.
మూడోసారి బోరా గాలే నన్ను తలుపులోంచి తోసింది.
ట్రియెస్తేలో చలికాలం ఆ గాలికి ఎదురు చెప్పే మనిషి లేడు.
అమ్మమ్మ రోజుల్లో మలుపుల దగ్గర
జనం పట్టుకు నడవడానికి తాళ్ళు కట్టేవాళ్ళట.

ఆయన ముందు నా చేతులు చూశాడు.
"నర్సువా?" అన్నాడు,
కడిగి కడిగి పొక్కిన వేళ్ళని బట్టి.
అలమర తెరిచి, మెత్తటి గుడ్డ పరిచి
కెమెరా అందించాడు,
కాన్పు గదిలో మేం అందించినట్టే,
మెడ కింద చెయ్యి పెట్టి.

"బిగించి పట్టుకోకు. మోచేతులు పక్కలకి ఆనించు.
ఊపిరి సగం వదిలాక నొక్కు."

నొక్కాను.
గింజ చిట్లినంత చప్పుడు.

ముప్పావు గంట.
లెన్సు మీద దుమ్ము ఎలా ఊదకూడదో,
చీకటి గదిలో బొమ్మకి ఇసక ఎందుకు పడుతుందో,
ఎవరెవరు ఏది కొని ఏడ్చారో
అన్నీ చెప్పాడు.
నేను తలూపుతూనే ఉన్నాను,
కోటు జేబులో బొటనవేలు ఫోను మీద తిరుగుతూనే ఉంది.
అక్కడ నలభై ఏడు యూరోలు తక్కువ.
పైగా మెమరీ కార్డు ఊరికే.

"ఆలోచించుకుని వస్తాను" అన్నాను.
కొట్లలో చెప్పే అబద్ధాల్లో ఇంతకంటే పాతది లేదు.
విని నవ్వే నవ్వూ అంత పాతదే.
ఆయన ఆ నవ్వే నవ్వాడు.

బస్సులోనే కొనేశాను, మూడు స్టాపుల మధ్య.
ఎవరూ నా చేతులు చూడలేదు.
రెండువేల పైచిలుకు మంది ఐదేసి చుక్కలిచ్చారు.
ఒక్కడు మాత్రం "డబ్బా నలిగింది" అని ఒకే చుక్క పెట్టాడు.
ఎందుకో రాత్రంతా వాడే గుర్తొచ్చాడు.

అన్యాయంగా మాట్లాడను.
నలభై ఏడు యూరోలంటే నాకు సగం రాత్రి డ్యూటీ.
పగలు పడుకునే వాళ్ళ కోసం
తెల్లవారుజామున నాలుగింటికి ఏ కొట్టు తీస్తారు?

శుక్రవారం నేను నిద్రలో ఉండగా బెల్లు కొట్టి వెళ్ళిపోయారు.
తలుపుకి పసుపు చీటీ, సగం చిరిగి:
మీ పార్సెల్ దగ్గర్లోని పికప్ పాయింట్లో ఉంది.
అడ్రసు చదివాను.
చిరుగు దగ్గర వేలు పెట్టి మళ్ళీ చదివాను.

లివియో కొట్టు.

శనివారం వెళ్ళలేదు. ఆదివారం మూత.
సోమవారం అన్నని పంపిద్దామనుకున్నాను,
గుర్తింపు కార్డుతో నేనే రావాలట.

కౌంటరు వెనక అట్టపెట్టెల గోడ.
ఎవరివో చెప్పులు, ఎవరివో బాణలీలు, ఎవరిదో ఎలుకల బోను.
ఒక్కో పెట్టెకి ఆయనకి కాసిని సెంట్లు ముడతాయి.
కెమెరాల అలమర మూలకి జరిగింది.

నా డబ్బా మీద కంపెనీ పేరు పెద్దక్షరాల్లో ఉంది.
నేను చూస్తుండగానే చదివాడు.
"నివెస్ ఫుర్లానిచ్" అని నా పేరూ చదివాడు,
మూడుసార్లొచ్చినా చెప్పని పేరు.
సంతకం పెట్టించుకున్నాడు.
"బ్యాటరీ ముందు నిండా ఛార్జి చెయ్యి," అన్నాడు.
"మోచేతులు మర్చిపోకు."

మెడ పట్టీ ఒకటి కొన్నాను, ఇరవై రెండు యూరోలు.
డబ్బాలో ఒకటి ఉంటుందని నాకు తెలుసు.
ఆయనకీ తెలుసు. బిల్లు రాసిచ్చాడు.

ఛార్జయ్యాక ఆ సాయంత్రమే ఎదురు పేవ్‌మెంట్ మీద నిలబడి
ఊపిరి సగం వదిలి నొక్కాను:
అద్దం వెనక వంగి, పెట్టెలు సర్దుతూ ఆయన.

బొమ్మ కదిలిపోయింది.
గాలి, అని చెప్పుకున్నాను.