మూతకు ముక్కు

కొర్లగుంట మూడో సందు మలుపులో
నా ఇస్త్రీ బండికి నాలుగడుగుల్లో ఉండాది
ఆ ఇనప మూత.
పదకొండేండ్లుగా ఇరుగుపొరుగు మేము.
నా పెట్టె కడుపులో నిప్పు,
దాని కడుపులో ఊరందరి నీళ్లు.

ఎండాకాలం గబ్బు కొడతాదని
మేడమీది పురుషోత్తం సారు అర్జీ పెట్టినాడు.
ఎవరో వచ్చి చుట్టూ సిమెంటు మెత్తినారు,
ఉన్న రెండు చిల్లులూ పూడ్చేసినారు.
సారు కిటికీ తెరుచుకున్నాడు.
అబద్ధమెందుకు, నేనూ
ముక్కు మీది కొంగు తీసి సంతోషపడినా.

కార్తీకంలో వాయుగుండం.
కొండ మీద కురిసింది కొండ మీదే ఉంటాదా?
కపిలతీర్థం అరుపు మా సందుదాకా వినపడింది.
రాత్రి పది దాటినాక
నేల కింద ఎవరో మూలిగినట్టు సద్దు.
వాన గొట్టంలోకి దూరితే
గొట్టంలో గాలి యాడికి పోవాల?
ఇల్లు నిండా చుట్టాలు దిగినప్పుడు
ఉన్నోళ్లు వాకిట్లోకన్నా జరుగుతారు గదా.

వాకిలి లేదు.
సారు బాత్‌రూంలో మొదట బుడగలు,
ఎనకాల నల్లనీళ్లు.
ఆపైన సిమెంటు పగిలి
ఇడ్లీ కుండ మీది మూత మాదిరి
నలుగురు మోసే ఇనుము
ఎగిరింది,
టంగుమని నా బండి చక్రం మీద పడింది.
చక్రం పోయింది. కాలు మిగిలింది.
చీకట్లో ఎవరూ ఆ గుంతలో పడకుండా
ఇస్త్రీ బల్ల అడ్డం పెట్టి
దానికొక ఎర్ర చీర కట్టి, తెల్లారేదాకా కూర్చున్నా.
చీర లాయరు గారి ఆవిడది.

పొద్దున ఏకాంబరం వచ్చినాడు.
కార్పొరేషన్లో ముప్పై ఏండ్లు, ఇంకా కాంట్రాక్టే.
గాలి వచ్చే దిక్కున నిలబడి
బీడీ ముట్టించబోయిన పిలగాడి చేతిలోంచి
అగ్గిపెట్టె లాగి పారేసినాడు.

"గబ్బు కొడతా ఉంటే బతికినట్టే అక్కా.
ఉన్నట్టుండి గబ్బు ఆగిపోయిందా,
అప్పుడు పరిగెత్తాల.
నా బామ్మర్ది గోపాలు
లోపల్నించి 'ఏం వాసన లేదు బావా' అన్నాడు.
అదే ఆఖరు మాట."

నేను బొగ్గులు ఎగదోసుకుంటా ఉండిపోయినా.
అప్పటికే అవి ఎర్రగా ఉన్నాయి.

మూడు వారాలకు గొట్టం వచ్చింది.
మూత పక్కన మొలిచి, మేడ దాటి
ఇంకో నిలువెత్తు పోయి
పైన గొడుగు కర్ర మాదిరి వంగింది.
"నా ఇంటి ముందరే దొరికిందా చోటు?" సారు.
"ముక్కు సార్ అది. దానికీ ఊపిరాడాల.
ఇక్కడ మూస్తే మీ బాత్‌రూంలో తీసుకుంటాది."
సారు కిటికీ కేసి చూసి ఊరుకున్నాడు.

అయినా పడమటి గాలి తిరిగితే
మిద్దెల మీద ఆరేసిన బట్టలకు వాసన.
ఏకాంబరం నా దగ్గరికొచ్చి
"బొగ్గుండాదా? కాల్చనిది" అన్నాడు.
టెంకాయచిప్పల బొగ్గు ముక్కలుగా కొట్టి
జల్లి బుట్టలో పోసి
గొట్టం కింది తలుపులోంచి లోపల తగిలించినాడు.
"గాలిని పోనిస్తాది, గబ్బును పట్టుకుంటాది.
తడిస్తే మాత్రం చేతులెత్తేస్తాది."

ఇన్నేండ్లు బొగ్గుతో ముడతలు తీసినా,
మబ్బుకు కూడా ఇస్త్రీ చేస్తాదని తెల్లేదు.

నిన్న రాత్రి మళ్లీ వాన.
మూత మెదల్లేదు.
గొట్టం ఒకటే
అవ్వ కత చెప్తా ఉంటే బిడ్డ మాదిరి
ఊ... ఊ... అని ఊ కొడతా ఉండింది.
వింటా వింటా కన్నంటుకుంది నాకు.

పొద్దున్నే ఏకాంబరం చెయ్యి చాపినాడు,
దోసెడు పోసినా. లెక్క రాయను.
లాయరు గారి ఆవిడకు మాత్రం
చీర బాకీ ఇంకా తీరలేదు.